సగం నింపిన తుపాకి

నా కుడి మణికట్టు విరిగింది ఫిబ్రవరిలో. విరిగిందని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది జూలైలో. మధ్యలో ఐదు నెలలూ నేను నడిపింది ఒట్టి బుకాయింపు.

మంచుమీద తిరిగే మోటారుబండి బోల్తా పడి, ఒళ్ళంతా చేతిమీద ఆనింది. డాక్టరు లోపల రేకు పెట్టి మరలు బిగించాడు. "ఎముక అతుక్కుంటుంది గూరో. కానీ తిప్పే బలం రావాలంటే ఏడాది పడుతుంది. అప్పటికైనా మునుపటంత రాకపోవచ్చు" అన్నాడు. నేను సరేనన్నాను. సరేననడం నాకు చిన్నప్పటినుంచీ బాగా వచ్చు, వినడమే రాదు.

నాకు యాభై తొమ్మిదేళ్ళు. ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న ఈ లాంగియర్‌బీన్ ఊరికి వచ్చి ఇరవై ఆరేళ్ళు. వచ్చినప్పటినుంచీ ఒకటే పని. చూడవచ్చినవాళ్ళని హిమనదుల దాకా నడిపించి, తెల్ల ఎలుగుబంట్ల బారిన పడకుండా వెనక్కి తీసుకురావడం. ఊరి చివరి బోర్డు దాటాక మాకు తుపాకి చెప్పులతో సమానం, అది లేకుండా ఏ గుంపూ అడుగు వెయ్యదు. మా కంపెనీలో నడిపించేవాళ్ళు ఏటా మే నెలలో తుపాకి పరీక్ష నెగ్గాలి. నెగ్గనివాళ్ళని ఆ ఏడు గుంపు ముందు నడిపించడానికి పంపరు. దుకాణంలో కౌంటరు వెనక కూర్చోబెట్టి బూట్లు అద్దెకిప్పిస్తారు. ఆ పని తక్కువదని కాదు. కానీ వారం రోజులు అక్కడ కూర్చుంటే నేను బతకనని నా నమ్మకం. మొగుడు లేడు, పిల్లలు లేరు. నాకు ఉన్నది ఆ నడకే.

మా తుపాకుల గది ఐవిండ్ అజమాయిషీలో ఉంటుంది. నాకన్నా పదేళ్ళు చిన్న. బట్టతల, నోటి దురుసు, మనసు మాత్రం మెత్తన. ఏప్రిల్‌లో ఒకరోజు నన్ను పిలిచి బల్లమీద రెండు తుపాకులు పెట్టాడు. ఒకటి నా మౌజర్. జర్మన్లు యుద్ధం అయిపోయాక మా దేశంలో వదిలిపోయిన రకం. గొట్టం మార్చి వాడుతున్నాం. ఇరవై ఆరేళ్ళూ నా వీపుమీద ఉన్నది అదే. రెండోది ఆ ఏడు కొన్న కొత్త రైఫిలు.

"కళ్ళు మూసుకో" అన్నాడు.

"ఎందుకు, ముద్దు పెడతావా?"

"నీ మొహానికి అదొక్కటే తక్కువ. మూసుకుని రెండిటికీ బోల్టు లాగి తొయ్యి."

ముందు మౌజర్ తీసుకున్నాను. చెయ్యి దానంతటదే వెళ్ళి, తూటాను లోపలికి ఎక్కించే బోల్టు పిడి మీద పడింది. పిడిని పైకి ఎత్తేటప్పుడు మాత్రం మణికట్టులోంచి మోచేతి దాకా నొప్పి పాకింది. పళ్ళు బిగబట్టి లాగి తోశాను. తర్వాత కొత్తది. దాని బోల్టు వెన్నలో కత్తిలా కదిలింది. కానీ మొదటిసారి నా చెయ్యి గాలినే పట్టుకుంది. దీని పిడి మౌజర్ పిడికన్నా వేలెడు కిందా, వేలెడు వెనకా ఉంది.

"చూశావా, ఇదంటే నా చేతికి తెలీదు" అన్నాను.

"నీ చేతికి అది తెలుసు, కానీ దాన్ని ఎత్తలేకపోతోంది. నువ్వు కళ్ళు మూసుకున్నావుగానీ నేను మూసుకోలేదు. నీ మొహం చూస్తూనే ఉన్నా." ఐవిండ్ కొత్తదాన్ని నా వైపు జరిపాడు. "తెలీకపోతే నేర్చుకోవచ్చు. రోజుకి వందసార్లు ఖాళీ తుపాకి లాగి తొయ్యి. మే నెల పరీక్షకల్లా నీ చెయ్యి దీన్ని తడుముకోవడం మానేస్తుంది."

"తెలియని దేవుడికన్నా తెలిసిన దయ్యం మేలు."

"ఆ దయ్యం ముసలిదైపోయిందే."

"ఎవర్నంటున్నావ్?"

"తుపాకిని. నువ్వెందుకు ఉలిక్కిపడతావ్?"

నవ్వి మౌజర్ తీసుకుని వెళ్ళిపోయాను. అతను చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు. ఈ వయసులో ఖాళీ తుపాకి పట్టుకుని చిన్నపిల్లలా అక్షరాలు దిద్దడం నామోషీ అనిపించింది, అంతే.

ఇక్కడ మేము తుపాకిని సగం నింపి మోస్తాం. మ్యాగజైన్‌లో నాలుగు తూటాలు పెట్టి, పై తూటాను బొటనవేలితో నొక్కిపట్టి, దానిమీదుగా బోల్టు మూసేస్తాం. గొట్టం మొదట్లో ఉండే గది ఖాళీగానే ఉంటుంది. కాలు జారి పడినా, ఎక్కడైనా తగిలినా తుపాకి పేలదు. అవసరం వచ్చినప్పుడు బోల్టు ఎత్తి, పూర్తిగా వెనక్కి లాగి, ముందుకి తొయ్యాలి. అప్పుడే తూటా గదిలోకి ఎక్కుతుంది. పూర్తిగా లాగకపోతే బోల్టు తూటా మీదుగా జారిపోతుంది. లోపల ఏమీ ఉండదు, పట్టుకున్నవాడు మాత్రం ఉందనుకుంటాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి నేను మొట్టమొదట నేర్పే పాఠం ఇదే. ఇరవై ఆరేళ్ళలో కొన్ని వందలమందికి నేర్పి ఉంటాను.

మే నెల పరీక్షలో చెక్క ఎలుగుని తాడుతో లాగుతారు. అది మన మీదికి వస్తుంటే సగం నింపిన తుపాకితో మొదలుపెట్టి, పన్నెండు సెకన్లలో మూడు గుళ్ళు పళ్ళెమంత చోట పడెయ్యాలి. ఆరోజు ఎండగా ఉంది. జేబులో వేడి సంచీ పెట్టుకుని చెయ్యి కాచుకున్నాను. మూడు గుళ్ళూ పడ్డాయి. మూడోది పేలేసరికి నా మనసులోని లెక్క పద్నాలుగు దగ్గర ఉంది. ఐవిండ్ గడియారం వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు. "పన్నెండు" అని రాశాడు. నేను కిక్కురుమనలేదు. ఆ సాయంత్రం ఇద్దరం కాఫీ తాగుతూ వాతావరణం గురించి అవసరానికి మించి మాట్లాడుకున్నాం.

జూన్‌లో తిరిల్ చేరింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. స్కీల మీద పరిగెడుతూ గురి కొట్టే పోటీల్లో పెరిగింది. ఆ పోటీ తుపాకులకి బోల్టు ఎత్తే పని ఉండదు, తిన్నగా లాగి తిన్నగా తొయ్యడమే. ఎలుగుని ఆపగల పెద్ద రైఫిలు కూడా అదే తీరుది వెతికి, సొంతంగా కొని తెచ్చుకుంది. దాన్ని చూసి నేను ఊరుకోలేదు.

"కుట్టుమిషను తెచ్చావేంటే పిల్లా? ఎలుగుకి చొక్కా కుడతావా?"

"కొలతలు నువ్వు తీసుకో, కుట్టడం నేను చూసుకుంటా" అంది తిరిల్. ఆ మధ్యాహ్నమే పరీక్షకి నిలబడి, ఐదు సెకన్లలో మూడు గుళ్ళు సాసరంత చోట పెట్టింది. ఆ పిల్ల నాకు నచ్చింది. నేనూ దానికి నచ్చాను. సెలవురోజుల్లో నా వెంట తిరుగుతూ అడుగుల గుర్తులూ, గాలి వాటమూ అడిగి తెలుసుకునేది.

జూలై రెండోవారంలో ఐదుగుర్ని తీసుకుని హిమనది అంచుకి వెళ్ళాను. వాళ్ళలో బెరిత్ అనే ఆవిడ బెర్గెన్‌లో టీచరుగా చేసి రిటైరయ్యారు. డెబ్భై ఏళ్ళు. దారి పొడుగునా పువ్వుల పేర్లు చెబుతూ నడిచారు. ఆరోజు సన్నగా వాన, చలి. రాళ్ళ దిబ్బ పక్కన రొట్టె తిందామని కూర్చున్నాం. గాలి సముద్రంవైపు నుంచి వీస్తోంది. దిబ్బ వెనకనుంచి ఎలుగు తల పైకెత్తింది.

అరవై మీటర్ల దూరం ఉంటుంది. మగది, ఎముకలు కనిపిస్తున్నాయి. అందర్నీ ఒకచోట ముద్దగా నిలబెట్టి, గట్టిగా అరవమన్నాను. సిగ్నల్ పిస్తోలు తీసి దాని ముందు నేలమీద పేలేలా వదిలాను. ఆగింది. తల పక్కకి వంచి మళ్ళీ నడిచింది. రెండోది వదిలాను. ఈసారి ఆగనే లేదు. పిస్తోలు పడేసి మౌజర్ అందుకున్నాను. పిడి ఎత్తి, లాగి, తోశాను. అలవాటైన కదలికే, ఎక్కడా తడబడలేదనుకున్నాను. ఇరవై ఐదు మీటర్ల దగ్గర నాకు నేను ఒక గీత పెట్టుకున్నాను, దాటితే కాల్చాలని. అది ఒక తెల్లరాయి పక్కనుంచి ఆ గీత దాటింది. రొమ్ముకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాను.

టిక్‌మంది.

అంతే, ఇంకేమీ లేదు. ఎలుగు నిలబడిపోయింది. ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. తర్వాత ఏ తొందరా లేకుండా పక్కకి తిరిగి ఒడ్డు వెంబడి వెళ్ళిపోయింది. ఎందుకు తిరిగిందో దానికే తెలియాలి. నేను బోల్టు తెరిచి చూశాను. గది ఖాళీ. నాలుగు తూటాలూ మ్యాగజైన్‌లో పెట్టినవి పెట్టినట్టు ఉన్నాయి. నా చెయ్యి బోల్టుని పూర్తిగా లాగలేదు. లాగానని నాకు చెప్పింది, నేను నమ్మాను.

బెరిత్ నా పక్కకి వచ్చారు. "ఆ టిక్కుమన్న చప్పుడేంటండీ?"

"బెదిరించడానికి" అన్నాను. నేను అనుకునేలోపే నోరు అనేసింది. "ఇనుము చప్పుడు దానికి తెలుస్తుంది. కాల్చేముందు ఒక అవకాశం ఇచ్చాను."

ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. నా చెయ్యి, ఆ చెయ్యే, రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కారు. నొప్పికి నా ప్రాణం పోయింది, అయినా నవ్వాను.

ఎలుగు ఎదురైనప్పుడల్లా గవర్నరు ఆఫీసుకి ఇవ్వాల్సిన కాగితంలో, సిగ్నల్ పిస్తోలు రెండుసార్లు పేల్చాననీ, ఎలుగు వెళ్ళిపోయిందనీ రాశాను. అందులో అబద్ధం లేదు. టిక్కు సంగతి రాయలేదు. నేను రాయనిదంతా బెరిత్ నోటితో చెప్పారు. భోజనాల హాల్లో చెప్పారు, దుకాణంలో చెప్పారు, విమానం ఎక్కేముందు ఐవిండ్‌ని వెతుక్కుని మరీ చెప్పారు. రెండురోజుల్లో ఊరంతా పాకింది. గూరోది ఇనుప గుండెట, ఇరవై ఐదు మీటర్లలో ఎలుగుని పెట్టుకుని వట్టి చప్పుడుతో సాగనంపిందట. కాఫీ తాగడానికి వెళితే ఎవరో ఒకరు కుర్చీ జరిపి కూర్చోమనేవారు. సిగ్గులేకుండా చెబుతున్నాను, మొదటిరోజు అది నాకు బాగానే ఉంది.

ఐవిండ్ మాత్రం తుపాకుల గది తలుపు మూసి అడిగాడు. "నిజమేనా?"

"నువ్వు అక్కడున్నావా?"

"లేను."

"మరి?"

అతను వెళ్ళి తలుపు తెరిచాడు. మే నెలలో మింగిన రెండు సెకన్లు అతని గొంతులో ఇంకా అడ్డంగానే ఉన్నాయి.

మూడోరోజు పొద్దున నేను వెళ్ళేసరికి తిరిల్ తుపాకుల గదిలో ఐవిండ్ బల్ల దగ్గర ఉంది. మర్నాడు ఎనిమిదిమందిని ఒంటరిగా అదే హిమనది అంచుకి తీసుకెళ్ళాలి. మొదటిసారి. తన రైఫిలు గోడకి ఆనించి ఉంది. చేతిలో మౌజర్ ఉంది.

"ఇదేంటి?" అన్నాను.

"నీ తుపాకి లాంటిది ఒకటి ఇమ్మని ఐవిండ్‌ని అడిగా. నా దాంట్లో ట్రిగ్గర్ నొక్కితే చప్పుడు బొత్తిగా చిన్నది. దీనిది గట్టిగా వినిపిస్తుంది. ఎలుగు నలభైలో ఉండగా ముందు ఒక ఖాళీ టిక్కు. అప్పటికీ ఆగకపోతే అప్పుడు లోడు. బాగుంది కదా?" మొహం వెలిగిపోతోంది. "రాత్రి నా గదిలో ప్రాక్టీసు కూడా చేశా. చూడు."

తుపాకి భుజానికెత్తి బోల్టు పిడి పట్టుకుని తిన్నగా లాగింది. బోల్టు కదల్లేదు. మౌజర్‌కి ముందు పిడి ఎత్తాలి. పదేళ్ళుగా తిన్నగా లాగడమే నేర్చిన చెయ్యి అది, ఎత్తడం దానికి గుర్తు రాదు. రెండోసారి గుర్తు తెచ్చుకుని ఎత్తింది.

"అలవాటైపోతుందిలే" అని నవ్వింది.

ఎనిమిదిమంది. చలి. మీదికొచ్చే ఎలుగు. ఈ పిల్ల తిన్నగా లాగి, కదలని బోల్టు వంక చూస్తూ నిలబడటం నా కళ్ళముందు కనబడింది. అలా జరిగితే దాన్ని చంపేది ఎలుగు కాదు, నేను.

ముందు సులువైన దారి చూశాను. "నీ కుట్టుమిషనే తీసుకెళ్ళు. నీ చేతికి అదే నప్పుతుంది."

"నువ్వే కదా వెక్కిరించావ్! ఇప్పుడు నీలా చేద్దామంటే వద్దంటావా? గొప్పంతా నీ ఒక్కదానికేనా?"

ఐవిండ్ తల దించుకుని ఏదో తుడుస్తున్నాడు. తుడవాల్సింది అక్కడ ఏమీ లేదు.

"ఐవిండ్, నాకు మళ్ళీ పరీక్ష పెట్టు. ఇప్పుడే. పిల్లా, నువ్వూ రా" అన్నాను.

ఊరి బయట గురి మైదానంలో గాలి కోస్తోంది. చేతితొడుగు తీసేసి పది నిమిషాలు ఊరికే నిలబడ్డాను. హిమనది దగ్గర నా చెయ్యి ఎంత చల్లగా ఉందో అంత చల్లబడాలి. నేను నా మౌజర్ సగం నింపడం చూసి ఐవిండ్ సరేనన్నాడు. తాడు లాగాడు. చెక్క ఎలుగు కదిలింది. ఎత్తాను, లాగాను, తోశాను, నొక్కాను.

టిక్‌మంది.

మోసం చెయ్యలేదు, ఒట్టు. నెగ్గాలనే చూశాను. మనసులో ఏ మూలో, నెగ్గేస్తే చెప్పే పని తప్పుతుందన్న ఆశ కూడా ఉంది. రెండోసారి లాగేసరికి చెక్క ఎలుగు నా కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది.

"ఆరోజు జరిగింది ఇదే. నేను దాన్ని బెదిరించలేదు. చంపుదామనే నొక్కాను. లోపల తూటా లేదు. నా చెయ్యి బోల్టు పూర్తిగా లాగలేకపోతోంది. అది వెళ్ళిపోవడం మా అదృష్టం. మిగతాదంతా నేను కట్టిన కథ."

తిరిల్ గొంతు పెరిగింది. "ఐదుగురున్నారు నీ వెనక."

"అవును."

"నేను రేపు ఎనిమిదిమందికి అదే చేసి ఉండేదాన్ని."

"అవును. అందుకే చెబుతున్నా."

"అందుకేనా? నేను మౌజర్ అడక్కపోతే చెప్పేదానివి కాదా?"

నేను బోల్టు తెరిచి తూటాలు ఒక్కొక్కటే బయటికి తీశాను.

"మే నెల్లో అసలెలా నెగ్గావ్?" అంది. నేను ఐవిండ్ వైపు చూడలేదు. చూడకూడదనుకున్నాను. అతనే ముందుకొచ్చాడు. "నేను రెండు సెకన్లు తక్కువ రాశా. ఆమె ఒక్కదాని తప్పు కాదు." ఆ పిల్ల మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, వెంట తెచ్చుకున్న మౌజర్ నేలమీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళిపోయింది. అంత కోపంలోనూ బోల్టు తెరిచి, గది ఖాళీ అని చూసుకునే పెట్టింది.

ఐవిండ్ కాగితం తీశాడు. పెన్ను పట్టుకుని ఊరుకున్నాడు.

"వచ్చే నెల్లో ఇంకోసారి చూద్దామా గూరో? కొత్త రైఫిలుతో."

"చూద్దువుగాని. ఇవాళ్టిది ఇవాళ రాయి."

"గూరో..."

"రాయి, ఐవిండ్."

నెగ్గలేదని రాశాడు. మే నెల కాగితం కూడా తీసి అంకె దిద్దాడు. నేను ఏడ్చాను. ముక్కు చీదుకుంటూ, తిట్టుకుంటూ, బాగా ఏడ్చాను. ఆ సాయంత్రమే గవర్నరు ఆఫీసుకి రెండో కాగితం రాసి పంపాను.

మర్నాడు పొద్దున తలుపు తట్టిన చప్పుడు. తీస్తే తిరిల్. వీపున తన రైఫిలు. మొహంలో నవ్వు లేదు.

"ఆ రాళ్ళ దిబ్బల దారి నాకు కొత్త, నీకు తెలుసు. ఎలుగొస్తే ఏం చెయ్యాలో నా చేతికి తెలుసు. చివర్న నడవడానికి ఒకళ్ళు కావాలి, తుపాకి లేకుండా. వస్తావా, బూట్లు అద్దెకిస్తావా?"

"వస్తా" అన్నాను.

నడిచాం. అందరికన్నా ముందు ఆ పిల్ల, వెనక ఎనిమిదిమంది, చిట్టచివర నేను. నా భుజంమీద ఏమీ లేదు. బరువు లేక వీపుకి చలేసింది. ఎలుగు రాలేదు. అయినా దారంతా భయపడ్డాను. ప్రతి దిబ్బ దగ్గరా నా కళ్ళు ముందు నడిచే ఆ పిల్ల చేతుల మీదే ఉన్నాయి. ఎక్కడ ఆగుతాయో, ఎలా కదులుతాయోనని. నా ప్రాణం ఆ రెండు చేతుల్లో ఉంది, నేను చెయ్యగలిగింది నమ్మడం ఒక్కటే. ఇరవై ఆరేళ్ళుగా నా వెనక నడిచినవాళ్ళు ఇలాగే నడిచారన్నమాట.

ఇంటికి రాగానే, బూట్లు కూడా విప్పకుండా కాగితం తీశాను. కుడిచెయ్యి ఇంకా సరిగా రాయనివ్వడం లేదు, అక్షరాలు వంకరగా పడ్డాయి.

"బెరిత్, ఆరోజు ఆ చప్పుడేంటని మీరడిగారు. నేను చెప్పింది అబద్ధం."